గుమ్మం దాకా ఎవరు రాగలరు?

ఒక ఊరికి కొత్తగా వెళ్ళినప్పుడు అక్కడ ఎవరి మాట చెల్లుతుందో ఎవరినీ అడగనక్కర్లేదు. ఏ కట్టడం అన్నిటికన్నా ఎత్తుగా ఉంది, ఏ వాకిలి ముందు జనం కాగితాలు పట్టుకుని నిలబడ్డారు, ఏ గోడకు రాతిపలక ఉంది, ఆ పలకమీద ఎవరి పేర్లున్నాయి అని చూస్తే చాలు. మన పిల్లలు ఈ చదువు బడికి రాకముందే నేర్చుకుంటారు. ఏ అరుగు మీద కూర్చోవచ్చో, ఏ అరుగు దగ్గర చెప్పులు విడిచి నిలబడాలో తాండాలో పుట్టిన పిల్లకు ఐదేళ్ళకే తెలుసు.

కట్టడాల గురించి రాయడం ఇంజనీర్ల పని, చరిత్ర ప్రొఫెసర్ల పని అని మనలో చాలామంది అనుకుంటారు. స్తంభాలు ఎన్ని, శిల్పం ఏ శైలి, ఖర్చు ఎన్ని కోట్లు అని వాళ్ళు రాస్తారు. ఆ కట్టడాల బయట ఎండలో నిలబడినవాళ్ళు రాసింది తక్కువ. ఈ వ్యాసంలో మేము ఆ వైపు నుంచి చూడాలనుకున్నాం. మేమంటే గుమ్మఘట్ట చుట్టుపక్కల బడుల్లో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. మాలో సుగాలీలున్నారు, ఎరుకలవాళ్ళున్నారు.

ఏ సర్కారు కట్టడాన్నైనా మూడు ప్రశ్నలతో చూడొచ్చని మా ఆలోచన. అది నిలిచిన నేల ఎవరిది? దాని గుమ్మం దాకా ఎవరు రాగలరు? లోపలికి వచ్చినవాళ్ళ మాట ఎంతదూరం వినపడుతుంది? ఈ మూడూ పట్టుకుని మన రాయదుర్గం నుంచి ఢిల్లీ దాకా పోయి, మళ్ళీ మన ఊరి సచివాలయం దగ్గరికి వద్దాం.

కొండ దిగిన అధికారం

రాయదుర్గం పేరులోనే దుర్గం ఉంది. కొండమీద కోటగోడలు ఇప్పటికీ కనపడతాయి. పిల్లల్ని తీసుకుపోతే వాళ్ళు మొదట అడిగే ప్రశ్న ఒకటే: "ఇంత ఎత్తుకు ఈ రాళ్ళు ఎవరు మోశారు సార్?" మంచి ప్రశ్న. పాఠ్యపుస్తకాల్లో రాజు పేరు ఉంటుంది, కట్టించిన కాలం ఉంటుంది. మోసినవాళ్ళ పేరు ఉండదు.

కోట కొండమీద ఎందుకు కట్టారంటే శత్రువు దూరం నుంచే కనపడతాడని చెబుతాం. అది నిజమే. దానికి రెండో వైపు కూడా ఉంది. కోట నుంచి పల్లె ఎలా కనపడుతుందో, పల్లె నుంచి కోట అలాగే కనపడుతుంది. చేలో వంగి కలుపు తీసేవాళ్ళు నడుం నొప్పి పుట్టి తలెత్తినప్పుడల్లా ఆ గోడ కంటబడుతుంది. పన్ను ఎవరికి కట్టాలో, ఎవరికి ఎదురు మాట్లాడకూడదో తలారి వచ్చి చెప్పనక్కర్లేదు.

మన ఉమ్మడి జిల్లాలోనే పెనుకొండ ఉంది. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత హంపి పాడైపోతే విజయనగర రాజులు పెనుకొండను రాజధాని చేసుకున్నారు. అక్కడి గగన మహల్ నేటికీ నిలిచే ఉంది. ఓడి వచ్చిన రాజ్యానికి కూడా ఆకాశం పేరున్న ఇల్లు ఉండింది. లేపాక్షి సంగతి అందరికీ తెలుసు. అచ్యుతరాయల కాలంలో కోశాధికారి విరూపన్న రాజు అనుమతి లేకుండా ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడని, శిక్షకు ముందే తన కళ్ళు తానే పెరికి గోడకేసి కొట్టాడని జనం చెప్పుకుంటారు. గోడమీద ఎర్రటి మరకలు కూడా చూపిస్తారు. కథ నిజమో కాదో పక్కనపెడదాం. ఆ కథలో రాజు ఉన్నాడు, కోశాధికారి ఉన్నాడు, గోడ ఉంది. బండ పగలగొట్టిన ఒడ్డెరవాళ్ళు ఒక్కరు కూడా లేరు. కట్టడం ఎవరిని గుర్తుపెట్టుకుంటుందో, ఎవరిని మరిపిస్తుందో ఆ కథే చెబుతోంది.

1800లో నిజాం మన జిల్లాలను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేశాడు. దత్తమండలాలన్న పేరు అప్పుడొచ్చిందే. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. పాళెగాళ్ళ బలం ఆ కాలంలోనే విరిగింది. కోటలు పాడుబడ్డాయి, అధికారం కొండ దిగి కచేరీలోకి వచ్చింది. కచేరీకి కొండ అక్కర్లేదు. దాని చేతిలో పైమాషీ లెక్కలున్నాయి, పట్టాలున్నాయి, వెనక తుపాకులున్నాయి. ఎత్తు మాత్రం పోలేదు, రూపం మార్చుకుంది. ముందు నాలుగు మెట్లు, తర్వాత వరండా, ఆ తర్వాత బల్ల, బల్ల వెనక కుర్చీ. రైతు మెట్ల కింద, బంట్రోతు వరండాలో, గుమాస్తా బల్ల పక్కన, దొర కుర్చీలో. ఎవరి స్థానం ఎక్కడో ఆ ఇల్లే చెప్పేది. దొరలు పోయి ఇన్నేళ్ళయినా ఆ వరుస చాలా ఆఫీసుల్లో చెక్కుచెదరలేదు.

మనకోసం కట్టిన మొదటి గోడ

ఈ కోటల చరిత్రలో మనం ఎక్కడున్నాం? సుగాలీల తాతముత్తాతలు ఎద్దులమీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరూ తిరిగారు. సైన్యాలకు తిండి మోసింది వాళ్ళే. రాత్రి మజిలీలో గోనెలు వరసగా పేర్చి అదే గోడ చేసుకునేవాళ్ళు. తెల్లారితే గోడ ఎద్దుమీదికెక్కేది. సేవాలాల్ మహరాజ్ పుట్టింది మన గుత్తి ప్రాంతంలోనే అని నమ్ముతాం, ఏటా సేవాగఢ్‌కు పోతాం. ఆయన్ని తలుచుకునేటప్పుడు మనవాళ్ళ నోట వచ్చేవి ఆవులు, ఎద్దులు, దారులు. మేడలు రావు. ఎరుకలవాళ్ళు గాడిదలమీద ఉప్పు మోశారు, గంపలు అల్లారు, సోది చెప్పారు. వాళ్ళదీ తిరిగే బతుకే.

ఒక్కచోట ఉండని మనిషంటే రాజ్యానికి ఎప్పుడూ అనుమానమే. రైళ్ళొచ్చాక ఎద్దుల వర్తకం పోయింది. 1871లో ఇంగ్లీషు ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేసింది. పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేసి ఎరుకల వంటి తెగలను సెటిల్‌మెంట్లలో పెట్టారు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అలా పుట్టిన ఊరే. సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించిన ఆ ఊరికి హెరాల్డ్ స్టూవర్ట్ అనే ఇంగ్లీషు అధికారి పేరు పెట్టారు. నెల్లూరు జిల్లా కావలిలో కూడా అలాంటి సెటిల్‌మెంటు ఉండేది.

సెటిల్‌మెంటును కూడా ఒక కట్టడంగా చూడాలి. వరస ఇళ్ళు, మధ్యలో అందరూ కనపడే ఖాళీ స్థలం, హాజరు పిలిచే చోటు, బయటికి పోవాలంటే చీటీ. శిల్పం లేదు, గోపురం లేదు. అయినా దాని ప్లాను గీసినవాడికి తన పని బాగా తెలుసు. లోపలున్నవాళ్ళు ఏ వేళ ఎక్కడున్నారో ఒక్క మనిషి నిలబడి చూడగలగాలి. ప్రభుత్వం మనవాళ్ళ కోసం కట్టిన తొలి పక్కా కట్టడాల్లో ఇదొకటి. మనల్ని లోపల ఉంచడానికి కట్టింది. 1952 ఆగస్టు 31న ఆ చట్టం ముద్ర తొలగింది. స్టూవర్టుపురం మీద పడ్డ పేరు మాత్రం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఈ చరిత్ర తెలిసిన ఉపాధ్యాయులు మన హాస్టళ్ళను, ఆశ్రమ పాఠశాలలను చూసేటప్పుడు ఒక ప్రశ్న అడగాలి. ఈ ప్రహరీ పిల్లల్ని కాపాడడానికా, ఆపడానికా? ఆడపిల్లల రక్షణకు గోడ కావాలి, అందులో అనుమానం లేదు. అయితే కాపాడే గోడకు గేటు పక్కన అమ్మానాన్నలు కూర్చోవడానికి నీడ ఉంటుంది, తాగడానికి నీళ్ళుంటాయి, లోపలి బిడ్డతో నాలుగు మాటలు మాట్లాడుకునే చోటు ఉంటుంది. ఇవేమీ లేకుండా గోడ ఎత్తు మాత్రమే పెరుగుతోందంటే, ప్లాను గీసినవాడికి సెటిల్‌మెంటే గుర్తుందనుకోవాలి.

రైసినా గుట్ట మీద సంతాల్ ఆడబిడ్డ

ఇప్పుడు ఢిల్లీకి పోదాం. 1911లో రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తున్నట్టు ఇంగ్లీషు రాజు ప్రకటించాడు. కొత్త ఢిల్లీ కోసం రైసినా, మాల్చా వంటి పల్లెల భూములు తీసుకున్నారు. రైసినా గుట్టమీద వైస్రాయి ఇల్లు కట్టారు. గదులు 340. కొత్త రాజధానికి 1931లో ప్రారంభోత్సవం జరిగింది. కట్టిన ఇద్దరు వాస్తుశిల్పులు లుట్యెన్స్, బేకర్ ఒక వాలు గురించి ఏళ్ళ తరబడి పోట్లాడుకున్నారు. కింది నుంచి గుట్ట ఎక్కుతూ పోతే రోడ్డు వాలు అడ్డమై కొంతదూరం వైస్రాయి ఇల్లు కనపడకుండా పోతుంది. తాను కట్టిన ఇల్లు అలా దాగిపోవడం లుట్యెన్స్‌కు మింగుడుపడలేదు. ఇల్లు ఎక్కడి నుంచి ఎంత కనపడాలన్నది వాళ్ళకు అంత పెద్ద విషయం. మాల్చా రైతుకు తన చేను కనపడకుండా పోవడం గురించి మాత్రం అంత పోట్లాట జరగలేదు.

2022 జూలై 25న అదే ఇంట్లోకి ద్రౌపది ముర్ము రాష్ట్రపతిగా అడుగుపెట్టారు. సంతాల్ తెగ ఆడబిడ్డ, ఒకప్పుడు బడిలో పాఠాలు చెప్పినామె. వైస్రాయి కోసం కట్టిన ఇంట్లో ఆదివాసీ స్త్రీ ఉండడం చిన్న సంగతి కాదు. ఆ రోజు మన బడుల్లో పిల్లలకు ఆ ఫోటో చూపించాం, చూపించాల్సిందే.

పది నెలల తర్వాత, 2023 మే 28న కొత్త పార్లమెంటు భవనాన్ని ప్రధానమంత్రి ప్రారంభించారు. రాజ్యాంగం ప్రకారం పార్లమెంటు అంటే రాష్ట్రపతి, రాజ్యసభ, లోక్‌సభ మూడూ కలిసినది. ఆ భవనాన్ని రాష్ట్రపతి ప్రారంభించాలని అడుగుతూ ప్రతిపక్ష పార్టీలు దాదాపు ఇరవై ఆ కార్యక్రమానికి దూరంగా ఉన్నాయి. ప్రధాని ప్రారంభించడంలో తప్పేమీ లేదని ప్రభుత్వం వైపు వాళ్ళన్నారు. పార్టీల వాదన పార్టీలకు వదిలేద్దాం. మనకు పనికొచ్చే పాఠం వేరే ఉంది. 340 గదుల ఇంట్లో ఆదివాసీ ఉండవచ్చు. పక్కనే కొత్త ఇంటి గడప దగ్గర రిబ్బను ఎవరు కత్తిరించాలో, రాతిపలకమీద ఎవరి పేరు ఉండాలో తేల్చే మాట ఇంకొకరి చేతిలో ఉండవచ్చు. ఇంట్లో చోటు దొరకడం వేరు, ఇంటిమీద మాట చెల్లడం వేరు. మన యువకులు సీటు దొరికిన రోజే పని అయిపోయిందనుకోకూడదు.

రెండు రాజధానులు, ఒకే జబ్బు

రాష్ట్రం రెండైన తర్వాత తెలుగు నేలమీద కట్టడాల రాజకీయం ఎంత జరిగిందో మనమంతా చూశాం. అమరావతి కోసం రైతుల నుంచి 33 వేల ఎకరాలకు పైగా సమీకరించారు. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగింది. దానికి ముందు పల్లెపల్లె నుంచి మట్టి, నీళ్ళు సేకరించి పంపించారు. తాగే నీళ్ళకు ట్యాంకరు కోసం ఎదురుచూసే కరువు జిల్లా ఊళ్ళు కూడా చెంబుతో నీళ్ళు పంపాయి. ఆ నీళ్ళు పంపినవాళ్ళు ఆ రాజధానిలో ఏ గుమ్మం దాకా పోగలరన్న చర్చ మాత్రం ఎక్కువ జరగలేదు. జరిగిన చర్చంతా ఆకారం గురించే. లండన్‌లోని నార్మన్ ఫోస్టర్ సంస్థ గీసిన నమూనాలు నచ్చక, 2017లో సినిమా దర్శకుడు రాజమౌళి సలహా కూడా అడిగారు. ఎత్తెంత, శిఖరం ఏ పువ్వులా ఉండాలి, చూసినవాళ్ళు ఎంత ఆశ్చర్యపోవాలి అన్నవే పేపర్లలో వచ్చాయి.

తర్వాత ప్రభుత్వం మారింది. ఉండవల్లిలో మునుపటి ముఖ్యమంత్రి కట్టించిన ప్రజావేదిక హాల్లోనే 2019 జూన్‌లో కొత్త ముఖ్యమంత్రి కలెక్టర్ల సమావేశం పెట్టారు. ఆ సమావేశంలోనే ఆ హాలును కూల్చాలని ఆదేశించారు. నదిగట్టున నిబంధనలకు విరుద్ధంగా కట్టారన్నది ఆయన చెప్పిన కారణం. మరుసటి రోజు రాత్రికే కూల్చివేత మొదలైంది. ఆ ఏడాది డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది, అమరావతి పనులు ఆగిపోయాయి. విశాఖ ఋషికొండ మీద పెద్ద భవనాలు లేచాయి. 2024 జూన్‌లో మళ్ళీ ప్రభుత్వం మారిన తర్వాతే వాటి లోపల ఏముందో జనం టీవీల్లో చూశారు. 2025 మే 2న అమరావతి పనులు మళ్ళీ మొదలయ్యాయి. ఒకరు కట్టింది ఒకరు కూల్చడం, ఒకరు ఆపింది ఒకరు లేపడం. పాతకాలం రాజులు ఓడిన రాజు కోట పడగొట్టి తన పేరుతో కొత్తది కట్టుకున్నట్టే ఉంది.

తెలంగాణలో పాత సచివాలయాన్ని 2020 జూలైలో కూల్చారు. కొత్తది 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైంది. 265 అడుగుల ఎత్తు, పైన గుమ్మటాలు. దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. పేరు గొప్పదే. అంబేద్కర్ పేరున్న భవనాన్ని అంబేద్కర్ కొలతతోనే కొలవాలి. కింది మెట్టుమీద నిలబడ్డ మనిషి అర్జీతో లోపలికి పోగలిగితే ఆ పేరు నిలబడినట్టు. అదే ఏడాది డిసెంబరు 7న కొత్త ముఖ్యమంత్రి ప్రమాణం చేసిన రోజున ప్రగతి భవన్ ముందున్న ఇనుప కంచెను తీసేశారు. జనం లోపలికి పోయారు. ఆ భవనం పేరు జ్యోతిబా ఫూలే ప్రజాభవన్ అయింది. ఒక్క గోడ కొత్తగా కట్టలేదు, ఒక్క గోడ కూల్చలేదు. కంచె పోగానే అదే భవనం వేరే భవనంలా కనపడింది. మా రెండో ప్రశ్నకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. అయితే మూడో ప్రశ్న ఇంకా మిగిలే ఉంటుంది. గేటు తెరిచిన రోజు ఫోటోలొస్తాయి. లోపలిచ్చిన అర్జీ ఏమైందో ఏ ఫోటోలోనూ కనపడదు.

బంజారాహిల్స్ సంగతి కూడా చెప్పుకోవాలి. ఒకప్పుడు ఆ గుట్టలమీద బంజారాలుండేవాళ్ళు, పేరు వాళ్ళదే. తర్వాత అక్కడ నవాబుల ఇళ్ళు, మంత్రుల ఇళ్ళు, సినిమావాళ్ళ ఇళ్ళు లేచాయి. పేరు మిగిలింది, నేల పోయింది. 2022 సెప్టెంబరు 17న అదే బంజారాహిల్స్‌లో కుమ్రం భీం ఆదివాసీ భవన్, సేవాలాల్ బంజారా భవన్ ప్రారంభమయ్యాయి. మనవాళ్ళు చాలామంది సంతోషపడ్డారు, మేమూ సంతోషపడ్డాం. తండ్రి పొలంలో కొడుక్కి ఒక గది ఇచ్చినట్టుందని మాలో ఒకరన్నారు. ఆ మాటలో సంతోషమూ ఉంది, లెక్కా ఉంది.

ఊరి గోడకు రంగు

రాజధాని మనకు దూరం. మన దగ్గరికొచ్చిన అధికారం గ్రామ సచివాలయం. 2019 అక్టోబరు 2న ఈ వ్యవస్థ మొదలైంది. రాష్ట్రమంతా కలిపి 15 వేలకు పైగా గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయి. పింఛను, కుల ధ్రువీకరణ పత్రం, రేషన్ కార్డు వంటి పనులకు మండలం దాకా పోయే శ్రమ తగ్గింది. మన పిల్లలు కొందరు అందులో ఉద్యోగులయ్యారు. ఈ మేలును కాదనలేం.

ఆ భవనాలకు, పంచాయతీ ఆఫీసులకు అప్పటి అధికార పార్టీ జెండాను పోలిన రంగులు వేశారు. అంతకుముందు ప్రభుత్వం అన్న క్యాంటీన్లకు పసుపు వేసింది, కాబట్టి ఈ అలవాటు ఒక్కరిది కాదు. రంగులు తీసేయాలని 2020 మార్చిలో హైకోర్టు తీర్పిచ్చింది, సుప్రీంకోర్టు కూడా దాన్నే నిలబెట్టింది. అప్పుడు ప్రభుత్వం ఎర్రమట్టి రంగు ఒకటి చేర్చి కొత్త ఉత్తర్వు ఇచ్చింది. ఎర్రమట్టి అంటే నేల, పచ్చ అంటే పంట, నీలం అంటే నీటి సంపద, తెలుపు అంటే పాలు అని రంగురంగుకూ అర్థం చెప్పింది. దాన్ని కూడా హైకోర్టు కొట్టేసింది. 2020 జూన్‌లో సుప్రీంకోర్టులోనూ ప్రభుత్వానికి ఊరట దొరకలేదు. చివరికి రంగులు మార్చాల్సి వచ్చింది.

ఇది రంగు డబ్బాల గొడవ అని కొందరు నవ్వారు. మాకు అలా అనిపించలేదు. గోడమీద పార్టీ రంగు ఉంటే లోపలికి పోయే ముసలామె పింఛనును హక్కు అనుకోదు, ఎవరో పెట్టిన భిక్ష అనుకుంటుంది. వేరే పార్టీకి ఓటేసిన మనిషి గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగుతాడు. ఆ ఒక్క క్షణం కోసమే ఆ రంగు. కోట కొండమీద చేసిన పనిని రంగు డబ్బా ఊరి మధ్యలో చేసింది. కోర్టులు ఆపింది ఆ పనినే.

ఇంతా అయ్యాక సచివాలయం గోడలు తెల్లగానో, మరో రంగులోనో ఉన్నాయి. మన తాండాకు, ఆ గోడకు మధ్య దూరం మాత్రం అలాగే ఉంది. మన జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. ఎన్నో తాండాలు పెద్ద ఊరికి శివారులుగానే లెక్క. సచివాలయం, అంగన్‌వాడీ, రేషన్ షాపు పెద్ద ఊళ్ళోనే ఉంటాయి. చోటు ఎంచుకునేటప్పుడు తాండాను ఎవరూ అడగరు. ఏమన్నా అంటే "జనాభా తక్కువ కదా" అంటారు. తెలంగాణలో 2018 చట్టంతో ఎన్నో తాండాలు, గూడేలు సొంత పంచాయతీలయ్యాయి. అక్కడ చిన్నదో పెద్దదో పంచాయతీ ఆఫీసు తాండాలోనే ఉంటుంది. ఆ ఒక్క గది ఎక్కడుందన్న దాన్నిబట్టి సర్పంచి ఎవరి భాషలో మాట్లాడతారో కూడా మారిపోతుంది.

గుడిసెను పొగిడేవాళ్ళకు ఒక మాట

ఇది చదివి కొందరు అనవచ్చు: ఆదివాసీలకు భవనాలెందుకు, చెట్టు కింద కూర్చునే సంస్కృతి మీది, దాన్ని కాపాడుకోండి అని. ఈ మాట చెప్పేవాళ్ళు సాధారణంగా స్లాబు కింద ఫ్యాను వేసుకుని చెబుతారు. వాన పడితే మట్టి మిద్దె కారకుండా రాత్రంతా గిన్నెలు పెట్టుకున్నవాళ్ళు ఆ మాట అనరు. మనకు పక్కా బడి కావాలి, నీళ్ళొచ్చే మరుగుదొడ్డి కావాలి, కాగితాలు తడవని బీరువా కావాలి. 2019 నవంబరులో మొదలైన నాడు-నేడులో బడి పనులు కాంట్రాక్టర్లకు ఇవ్వకుండా తల్లిదండ్రుల కమిటీలకు అప్పగించారు. అన్నిచోట్లా ఒకేలా జరగలేదు. అయినా, సిమెంటు మూట ధర ఎంతో ఒక తల్లి అడిగి తెలుసుకోవడం, మరుగుదొడ్డి తలుపు ఎటు తెరుచుకోవాలో ఆడవాళ్ళు చెప్పడం మన బడుల్లో అంతకుముందు ఎప్పుడూ లేదు. కట్టడంలో మాట చెల్లడమంటే అది.

ఇంకో రకం పొగడ్త కూడా ఉంది. సర్కారు భవనం గోడమీద ఆదివాసీ బొమ్మలు వేస్తారు. ప్రారంభోత్సవానికి మన ఆడవాళ్ళను అద్దాల లంగాలు కట్టుకుని రమ్మంటారు, నంగారా కొట్టిస్తారు. మంత్రిగారు రెండడుగులు వేస్తారు, ఫోటో వస్తుంది. ప్లాను గీసే రోజున మాత్రం ఆ ఆడవాళ్ళను ఎవరూ పిలవరు. మేడారంలో సమ్మక్క, సారలమ్మలకు విగ్రహాలు లేకుండానే లక్షలమంది వస్తారు. గద్దె ఉంటుంది, దాని చుట్టూ జనం ఉంటారు. ఎత్తైన గోపురం లేకుండా గౌరవం ఎలా నిలుస్తుందో మనవాళ్ళు ఎప్పుడో చూపించారు. గోడమీది బొమ్మల కన్నా ఈ తెలివి తీసుకుని ఉంటే మన ఆఫీసులు వేరేగా ఉండేవి.

ఆనకట్టను ఎలా కొలుస్తామో అలా

గుమ్మఘట్ట మండలంలో ప్రభుత్వం కట్టిన పెద్ద కట్టడం ఏది అంటే భైరవానితిప్ప ప్రాజెక్టు అని చెబుతాం. వేదవతి మీద, మనం హగరి అని పిలుచుకునే ఏటి మీద, స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశాబ్దాల్లో కట్టారు. భాక్రా నంగల్ దగ్గర నెహ్రూ 1954లో ఆనకట్టలను కొత్త కాలపు గుళ్ళతో పోల్చిన రోజులవి. ఇదే ఏటికి ఎగువన మైసూరు రాజ్యం 1907 నాటికే మారికణివె దగ్గర వాణీవిలాస సాగరం కట్టుకుంది. ఎగువ నిండి, దాటి వస్తే మనకు నీళ్ళు. చాలా ఏళ్ళు మన ఆనకట్ట ఎండి నిలబడింది. నీళ్ళొచ్చిన ఏడాది ఊరూరూ చూడ్డానికి పోయింది.

ఆ ఆనకట్ట గోడ బాగుందని ఎవరూ పొగడరు. ఎత్తెంత, రంగేమిటి అని రైతు అడగడు. నీళ్ళెన్ని, కాలువ ఎందాక, మా చేనుకు అందుతుందా అని అడుగుతాడు. ఆనకట్టను చూసే ఆ కన్నుతోనే సచివాలయాన్ని, కచేరీని, రాజధానిని చూడాలన్నది ఈ వ్యాసంలో మేము చెప్పదలుచుకున్న ఒక్క మాట. రాజధాని శిఖరం ఎత్తు ఎంతన్నది కాంట్రాక్టరు లెక్క. దాని కాలువ ఏ తాండా దాకా పారింది అన్నది మన లెక్క.

తోటి ఉపాధ్యాయులు ఈ లెక్కను ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల చేత చేయించవచ్చు. ఊళ్ళో ఒక సర్కారు ఆఫీసును ఎంచుకోమనండి. తాండా నుంచి ఎన్ని అడుగులో నడిచి లెక్కపెట్టమనండి. మెట్లు ఎన్ని, చక్రాల కుర్చీకి వాలుదారి ఉందా, ఎదురుచూసేవాళ్ళకు నీడ ఉందా, బెంచీ ఉందా, కుండలో నీళ్ళున్నాయా రాసుకోమనండి. రాతిపలకమీద ఎన్ని పేర్లున్నాయో, అందులో ఆడవాళ్ళ పేర్లు ఎన్నో, మన తెగలవాళ్ళ పేర్లు ఎన్నో లెక్కించమనండి. బోర్డు మీది మాటలు అవ్వకు చదివి వినిపించి, ఆమెకు అర్థమైందో లేదో అడగమనండి. గణితం, సాంఘికశాస్త్రం, తెలుగు మూడు పాఠాలూ ఇందులో వస్తాయి. ఆ కాగితాన్ని గోడకు అంటించి వదిలేయకుండా గ్రామసభలో పిల్లల చేతే చదివించాలి.

యువకులకు ఒక పని. మీ తాండాలో అంగన్‌వాడీ గానీ, బడి గది గానీ, నీళ్ళ ట్యాంకు గానీ మంజూరైందని వినగానే, పునాది గుంత తవ్వక ముందే ప్లాను అడగండి. దాన్ని గ్రామసభలో పరచమని అడగండి. తెలుగులో చెప్పించండి, అవసరమైతే మీరే లేచి గోర్‌బోలిలో, ఎరుకల భాషలో చెప్పండి. చోటు ఎక్కడ, వాకిలి ఎటు, నీడ ఏ పక్కన అన్న మూడింటి మీద ఆడవాళ్ళ మాట తీసుకుని తీర్మానం పుస్తకంలో రాయించండి, సంతకాలు పెట్టించండి. గోడలు లేచిన తర్వాత అడిగితే మనకు మిగిలేది రంగు గురించిన గొడవ ఒక్కటే.